తొమ్మిది గుండీలు

లాగకు, తల్లీ, లాగకు! అలా లాగితే పిడి ఊడి నీ చేతిలోకి వస్తుంది, నేనిక్కడే ఉండిపోతాను. గడియ బిగుసుకుపోయిందని చెప్పానుగా. ఈ బాత్రూము తలుపు చేసినవాడెవడో గానీ, అరవై తొమ్మిదేళ్ళ మనిషి కూడా కాలేజీకి వస్తుందని కలలో కూడా అనుకుని ఉండడు. నా వేళ్ళలో ఏం బలముంది చెప్పు?

ఇదిగో, ఆడిస్తున్నాను. వినపడుతోందా టకటకమని? ఆడుతుంది గానీ రాదు.

టైమా? పదకొండుంపావు. తెలుసమ్మా, మన వంతు పదకొండున్నరకని తెలుసు. మన ముందున్న గ్రూపువాళ్ళు ఇంకా మాట్లాడుతున్నారుగా. నీళ్ళ పంపుల మీద వాళ్ళు. అందులో ఆ గుండు కుర్రాడి చేతికి మైకు దొరికితే ఓ పట్టాన వదలడు. వాడి పుణ్యమా అని మనకింకా టైముంది.

ఇక్కడ కిటికీ ఒకటి ఉంది. పిల్లి పడుతుంది. నేను పట్టను.

నవ్వావు! నవ్వావు కదూ? నవ్వు, పరవాలేదు. నీకు భయం వేసినప్పుడు కూడా నవ్వొస్తుంది, నాకు తెలుసు. పోయినేడాది మొదటి ప్రెజెంటేషన్‌లో మైకు ముందు నిలబడి, నోట మాట రాక, కిసుక్కున నవ్వి పరిగెత్తుకొచ్చేశావు చూడు. అప్పుడే అనుకున్నాను, ఈ పిచ్చుక పిల్ల నా పక్కన కూర్చుంటే బాగుండునని.

చేతులకి చెమట పట్టింది, కడుక్కుందామని వచ్చానమ్మా. అంతే. ఇంత పనవుతుందని అనుకున్నానా?

ఎవరిని? అటెండరునా? ఎందుకు పిలిచావు! స్క్రూడ్రైవరు తెస్తానన్నాడా? అయ్యో రామా, అతనికి కింద బోలెడు పని. యూనివర్సిటీ నుంచి పరీక్షకుడు వచ్చాడు, ఆయనకి కాఫీలు, కుర్చీలు... సరే, పిలిచేశావు. అతనొచ్చేలోపు రాదంటావా? చూద్దాం. వచ్చినా రావచ్చు.

నువ్వు వెళ్ళు హాల్లోకి. మన గ్రూపు నిచ్చెనగాడితో చెప్పు, ముసలావిడ వస్తోందని. వాడొక్కడూ అక్కడ నిలబడి ఉంటాడు పాపం, ఆ పొడుగుకి ఎక్కడ నిలబడ్డా దీపస్తంభంలానే ఉంటాడు. వెళ్ళవా? సరే, ఉండు. నువ్వక్కడ కూర్చో, నేనిక్కడ ఈ బకెట్టు బోర్లించి కూర్చుంటాను.

ఏదీ, ఓసారి నెమరేసుకుందామా? లెక్చరరుగారు చెప్పినవన్నీ. నేను చెబుతాను, తప్పితే తలుపు కొట్టు.

తెర వైపు తిరిగి జనానికి వీపు చూపించకూడదు. తెర మీద ఉన్నది చదవకూడదు, వాళ్ళకి కళ్ళున్నాయి. గబగబా చెప్పకూడదు. చేతిలో కాగితం పట్టుకోకూడదు, పట్టుకుంటే అయిదు మార్కులు కోత. మొదలుపెట్టేవాళ్ళు గ్రూపులో అందరినీ పేరుపేరునా పరిచయం చెయ్యాలి. ఆ, ఇంకోటి, చివర్లో "అంతేనండీ" అని నసగకూడదు.

చూశావా, అన్నీ ఉన్నాయి.

ఆయన మంచివాడే. కానీ ఒకటి తప్పు చెప్పారు. జనం కళ్ళలోకి చూడమన్నారు. కళ్ళలోకి చూస్తే ఎవరికి మాటొస్తుంది? నలభై ఏళ్ళు జనానికి కొలతలు తీశాను నేను. కొలతలు తీసేటప్పుడు కళ్ళలోకి చూశావనుకో, వాళ్ళకీ సిగ్గు, మనకీ సిగ్గు. ఊపిరి బిగబడతారు. కొలత తప్పుతుంది. కాలరు చూడాలి. కాలరు చూస్తూ మాట్లాడితే నువ్వు వాళ్ళ మొహమే చూస్తున్నావనుకుంటారు. నీకా, కాలరు ఏమీ అనదు.

అది చెప్పాకేగా నీకు మాట వచ్చింది? రెండో ప్రెజెంటేషన్‌లో ఎంత బాగా చెప్పావు! మొదటి వరుసలో ఒకడి కాలరుకి పై గుండీ లేదని కూడా కనిపెట్టావు. బయటికొచ్చి "అమ్మమ్మా, వాడికి గుండీ లేదు, అందుకే నాకు భయం పోయింది" అన్నావు. ఆ మాటకి నేను వారం రోజులు నవ్వుకున్నాను.

అది గుర్తుందా అంటే... గుర్తుందమ్మా. అలాంటివి ఎందుకు పోతాయి? అలాంటివి పోవు.

కాగితం పట్టుకోకూడదన్నారుగా, ఆ రోజు నా గుండె జారిపోయింది. నీకు చెప్పలేదు. మీకేం, మీరు చిన్నపిల్లలు, పాట వింటే పాట ఉండిపోతుంది. నేను ఎనిమిదో తరగతితో బడి మానినదాన్ని. మిషను ముందు కూర్చుని, పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, గాలికి కాగితం ఎగరకుండా కత్తెర బరువు పెట్టుకుని ప్రైవేటుగా చదివాను ఏది చదివినా. ఒక పేజీ, ఒక చొక్కా. ఒక పేజీ, ఒక చొక్కా. అప్పుడు చదివినవి ఇప్పటికీ అప్పజెబుతాను, వినిపించమంటావా? నిన్న చదివింది మాత్రం... సరేలే.

అందుకే గుండీలు కుట్టాను.

తెలుసని నాకు తెలుసు, నువ్వేగా పక్కన కూర్చుని దారం ఎక్కించింది. కానీ చెప్పనీ, చెబుతూ ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. శాలువా అంచు లోపలివైపు తొమ్మిది గుండీలు. ఒక్కో గుండీ ఒక్కో మాట. ఎవరికీ కనపడదు. మాట్లాడుతూ వేలితో తడుముకుంటూ పోవడమే.

మొదటిది నాలుగు కన్నాల చొక్కా గుండీ. అంటే షాపులో వేలాడే చొక్కా. అక్కణ్ణించి మొదలు: "మీరు వేసుకున్న చొక్కాకి కాజాలు ఎవరు కుట్టారో మీకు తెలుసా?" ప్రశ్నతో మొదలుపెట్టాలన్నారుగా. రెండోది గాజుది. మూడోది ఇనుపది, చల్లగా తగులుతుంది, అది మాకు కుట్టుపని ఇచ్చే కాంట్రాక్టరు. నాలుగోది విరిగింది, సగమే ఉంది. అది చూపు తగ్గిపోయిన మా పక్కింటి అక్క. తర్వాత చెక్కది, గుడ్డ చుట్టింది, పిల్లల గౌను గుండీ... అలా తొమ్మిదోది కోటు గుండీ, పెద్దది. అది తగిలిందంటే నమస్కారం పెట్టి మైకు నీకిచ్చెయ్యడమే.

ఇళ్ళల్లో కూర్చుని కుట్టుపని చేసే ఆడవాళ్ళు. ఈ టాపిక్కు నీదేగా? నిచ్చెన అంతరిక్షం అంటే నువ్వు వినలేదు. "అమ్మమ్మ ఉండగా మనకి పుస్తకమెందుకు" అన్నావు. నేనేనా పుస్తకం? కొన్ని పేజీలు చెదలు తినేశాయే తల్లీ, చూసుకున్నావా కొనేముందు?

నవ్వు రాలేదా ఈసారి? సరే.

ఫోనులో నా గొంతు రికార్డు చేసి వినిపించావు గుర్తుందా? "ఎవరీ ముసలావిడ, ఎందుకింత సాగదీస్తోంది" అన్నాను. "మీరే" అన్నావు. నాకేం తెలుసు? లోపల్నించి వింటే నా గొంతు పాతికేళ్ళ పిల్లదానిలా ఉంటుంది.

వస్తున్నాడా అటెండరు? చూడు ఓసారి మెట్ల వైపు. లేడా. సరే, మంచిది. కాదు, మంచిదని కాదు, ఏదో అన్నాను.

అసలు ఇదంతా పోయిన వారం వల్ల వచ్చింది. ఆ రిహార్సలు. నేను శాలువా తిరగేసి కప్పుకున్నాను చూడు. ఎడమ కొస కుడికి వచ్చింది. మైకు ముందుకెళ్ళి వేలు పెడితే పెద్ద కోటు గుండీ తగిలింది. నాకు అనుమానం కూడా రాలేదమ్మా! చెయ్యి ఏది చెబితే నోరు అదే. రెండు చేతులూ జోడించి, "ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు నమస్కారం, మీకేమైనా సందేహాలున్నాయా" అన్నాను.

ఇంకా నోరే తెరవలేదు, సందేహాలట!

క్లాసంతా గొల్లుమంది. నిచ్చెన తల పట్టుకున్నాడు. నేను ఆగలేదు, ఆగితే ఇంక కదల్లేనని తెలుసు. ఎనిమిదో గుండీ, ఏడో గుండీ, అలా వెనక్కి నడుచుకుంటూ వచ్చాను. చూపు పోయిన అక్కని ముందు చెప్పి, ఆ చూపు తీసుకున్న కాంట్రాక్టరుని తర్వాత చెప్పి, చివరికి చొక్కా దగ్గర తేలాను. "మీరు వేసుకున్న చొక్కాకి కాజాలు ఎవరు కుట్టారో మీకు తెలుసా?" అని అడిగి, తడుముకుంటే ఇంక గుండీ లేదు. ఆగిపోయాను.

ఒక్కడూ నవ్వలేదు. ఎవడి చొక్కా వాడు చూసుకున్నాడు.

లెక్చరరుగారు లేచి నిలబడ్డారు. "ముగింపుతో మొదలుపెట్టి ప్రశ్నతో ఆపారు, చూశారా! ఇలా సాహసం చెయ్యాలి" అన్నారు. సాహసమట! నేనేం అనను? "అవునండీ, అలా ప్లాన్ చేసుకున్నాను" అన్నాను. అబద్ధమే. నీకొక్కదానికే తెలుసు. శాలువా చూసి నువ్వు నోరు మూసుకుని నవ్వు ఆపుకుంటున్నావు, నాకు కనపడింది.

ఆ మెప్పే నా మెడకి చుట్టుకుంది. లేకపోతే ఎలా అనుకున్నాం మనం? నువ్వు మొదలుపెట్టాలి, నేను మధ్యలో, నిచ్చెన చివర. ఆయనేం చేశారు? "ఫైనల్‌కి పెద్దావిడే మొదలుపెట్టాలి, గ్రూపుని ఆవిడే పరిచయం చెయ్యాలి" అన్నారు. మీరిద్దరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను, ఏం చేస్తాను.

మా అమ్మాయి వచ్చింది, చూశావా? మూడో వరుసలో చివర. నీలం చొక్కా, ఒళ్ళో హాండ్‌బ్యాగు. మందుల షాపులో సెలవు పెట్టి మరీ వచ్చింది. ముచ్చటపడి వచ్చిందనుకున్నావా?

ఆ బ్యాగులో ఒక ఫారం ఉందమ్మా. కాలేజీ మానేస్తున్నానని రాసే ఫారం. అన్నీ అదే నింపేసింది, నా పేరు, నా నంబరు, కారణం. కారణం దగ్గర "ఆరోగ్యం" అని రాసింది. సంతకం ఒక్కటే ఖాళీ.

దాన్ని అనకు. దాని తప్పేం లేదు. ఇస్త్రీపెట్టె ఆపకుండా వచ్చేశాను రెండుసార్లు. రెండోసారి పరుపు కాలింది. ఓ రోజు ఇంటికి వెళ్ళే బస్సే ఎక్కానని అనుకుని చివరి స్టాపు దాకా పోయి, అక్కడ డ్రైవరు "ఎక్కడికి వెళ్ళాలమ్మా" అంటే చెప్పలేకపోయాను. అతనే ఫోను తీసుకుని దానికి చేశాడు. అది వచ్చేదాకా బస్సు కదపలేదు, మంచివాడు. దారంతా అది నా చెయ్యి పట్టుకునే ఉంది. ఇంటికెళ్ళాక స్నానాలగదిలోకి పోయి నీళ్ళు వదిలి ఏడ్చింది. నీళ్ళ చప్పుడుకి ఏడుపు వినపడదనుకుంటారు అందరూ.

పొద్దున్న అంది, "అమ్మా, నేను చూస్తాను. ఇవాళ నువ్వు తడబడకుండా చెప్పావా, ఈ కాగితం నీ ముందే చింపేస్తాను, ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తను. తడబడ్డావా, ఇంటికెళ్ళి సంతకం పెట్టు." న్యాయంగానే అడిగింది. దుకాణంలో మందు ఇచ్చినట్టు, కొలిచి ఇచ్చింది.

ఇంట్లో కూర్చోబెడుతుంది నన్ను. కిటికీ పక్క కుర్చీ వేస్తుంది, టీవీ పెడుతుంది. కాలేజీలో అయితే నేను మర్చిపోయినా ఎవరూ ఏమీ అనుకోరే! ఇక్కడ అందరూ మర్చిపోతారు. నిచ్చెన వాడి హాల్‌టికెట్టు మూడుసార్లు పోగొట్టుకున్నాడు. వాడిని ఏమంటారు? బద్ధకం అంటారు. అదే నేను పెన్ను మర్చిపోతే మా అమ్మాయి మొహం పాలిపోతుంది.

ఎవరది? అడుగుల చప్పుడు... అటెండరేనా? చేతిలో స్క్రూడ్రైవరు ఉందా?

ఉండమను. పిచ్చుకా, అతన్ని అక్కడే ఆపు. ఆ మెట్ల దగ్గరే. "అక్కర్లేదన్నా, వచ్చేసింది" అని చెప్పు. చెప్పమ్మా, నీకు దణ్ణం పెడతాను. అతను ఆ మరలు విప్పి తలుపు తీశాడంటే చూస్తాడు.

వెళ్ళాడా?

గడియ బాగానే ఉంది. బిగుసుకుపోలేదు. నేనే వేసుకున్నాను.

కోప్పడకు. అలా ఊరుకోకు కూడా. తలుపు మీద ఓసారి కొట్టు, ఉన్నానని. ఆ... సరే.

భయం కాదు తల్లీ. జనమంటే నాకు భయం లేదు, చెప్పాగా, కాలరు చాలు నాకు. తొమ్మిది గుండీలూ ఉన్నాయి, ఇవాళ శాలువా కూడా సరిగ్గానే కప్పుకున్నాను, మూడుసార్లు చూసుకున్నాను. చెప్పాల్సినదంతా ఉంది. ఇప్పుడు నీ ముందు చెప్పానుగా, ఎక్కడైనా ఆగానా?

పేరుపేరునా పరిచయం చెయ్యాలి.

నిచ్చెన పేరు ఉంది. మా తమ్ముడి పేరే వాడిది, అది పోదు. నా పేరు... అదీ ఉందిలే, ఇంకా.

గాజు గుండీ ఉంది చూడు, రెండోది. ఆయన నన్ను మొదలుపెట్టమన్నాక, అక్కడున్న పాత గుండీ తీసి అది నీకోసం కుట్టాను. చొక్కా మాట అయ్యాక మిమ్మల్ని పరిచయం చెయ్యాలని. దాన్ని ముట్టుకుంటే అన్నీ వస్తాయమ్మా. నీ ముందు పన్ను కొస విరిగింది వస్తుంది. సైకిలు మీంచి పడితే విరిగిందని చెప్పావు, అదీ వస్తుంది. నువ్వు పెన్ను మూత నమలడం, నా కోసం క్లాసులో చివరి బెంచీ వదిలి ముందు బెంచీకి రావడం, నాకు వినపడదని లెక్చరరుగారు చెప్పింది మళ్ళీ నా చెవిలో చెప్పడం, అన్నీ. మొహం మొత్తం వస్తుంది. పేరు రాదు.

ఎనిమిది నెలలుగా తల్లీ అంటున్నాను, బంగారం అంటున్నాను, పిచ్చుకా అంటున్నాను. ముద్దుకనుకున్నావు. ముద్దు లేదని కాదు. కానీ ముద్దొకటే కాదు.

ఒకసారి అడిగాను నిన్ను, మొదట్లో. నవ్వి చెప్పావు. రెండోసారి అడిగాను, పరీక్షల ముందు. అప్పుడు కూడా చెప్పావు, కానీ నవ్వలేదు. నీ మొహం మారిపోయింది. బస్సు దగ్గరికి వచ్చినప్పుడు మా అమ్మాయి మొహం ఎలా ఉందో అచ్చం అలా. ఆ మొహం నీకు కూడా వస్తే నేనింక ఎక్కడికి పోవాలి? అందుకని మూడోసారి అడగలేదు.

రాత్రి నీ పుస్తకం అట్ట చూసి అరచేతిలో రాసుకున్నాను, పెన్నుతో. పెద్ద అక్షరాలు. కాగితం కాదుగా, చెయ్యేగా, మార్కులు కొయ్యరనుకున్నాను. పొద్దున్నించి పిడికిలి విప్పలేదు. చెమట పట్టింది. చెమట పట్టింది కదా అని వచ్చి...

చేతులు కడుక్కున్నాను, తల్లీ. సబ్బు పెట్టి మరీ కడుక్కున్నాను. చెమట పట్టిందని గుర్తుంది, ఎందుకు పట్టిందో గుర్తు లేదు. నీలం నీళ్ళు గిర్రున తిరిగి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. పోయాక గుర్తొచ్చింది అవేమిటో.

అప్పుడు వేసుకున్నాను గడియ.

ఏడుస్తున్నావా? నీళ్ళ చప్పుడు లేదుగా ఇక్కడ, వినపడుతోంది.

ఏమిటది, తలుపు కిందనుంచి తోస్తున్నావు? ఉండు, వంగాలి. అబ్బా. నీ కాలేజీ ఐడీ కార్డా?

కళ్ళజోడు... నెత్తి మీదే ఉంది. ఫోటోలో ఇంత కోపంగా ఉన్నావేం? పన్ను కనపడకూడదని మూతి బిగించావు కదూ.

ఇదా.

ఇదేనా! ఎంత బాగుందే పేరు. ఎవరు పెట్టారు? మీ నాన్నమ్మా?

చెప్పావా ఇదివరకే? నేనూ ఈ మాటే అన్నానా? అన్నానేమో. నాకు మాత్రం ఇప్పుడే విన్నట్టుంది.

చప్పట్లు వినపడుతున్నాయి. గుండు కుర్రాడు మైకు వదిలాడన్నమాట. మనల్ని పిలుస్తారు.

కార్డు తీసుకో, నీ మెళ్ళో వేసుకో. నా చేతిలో ఉంటే అదీ కాగితం కిందే లెక్క. తీస్తున్నాను గడియ. చూశావా, వెన్నలా వచ్చింది.

మొహం తుడుచుకో. హాలు దాకా నా పక్కన నడుస్తూ, నీ పేరు నువ్వే చెప్పుకుంటూ నడు. ఆపకు. ఎవరైనా చూస్తే పిచ్చిపిల్ల అనుకుంటారా? అనుకోనీ. మైకు ముందు నిలబడేదాకా చెప్పు, ఆ తర్వాత సంగతి నేను చూసుకుంటాను. ఉంటే ఉంటుంది, లేకపోతే మూడో వరుసలో సంతకం ఎలాగూ ఎదురుచూస్తోంది.

నీలం చొక్కా, చివర కుర్చీ. దాని పేరు అడక్కు నన్ను. గుర్తుంది. ఇవాళ్టికి గుర్తుంది.